పాలమూరు దవాఖాన కాడ సద్దుల బతుకమ్మ

పాతికేళ్లకు పైగా బస్సు కండక్టరుగా పనిచేసి, ఒక్క సద్దుల బతుకమ్మ కూడా తనివితీరా ఆడలేదంటే ఎవరూ నమ్మరు. కానీ నిజం. పండుగ వచ్చిందంటే మాకు సెలవులు బందు, స్పెషల్ బస్సులు షురూ. పుట్టిళ్లకు పోయే ఆడవాళ్లు ఒళ్లో పూల సంచులు పెట్టుకుని కూర్చుంటే, ఆ సంచుల మధ్య దారి చేసుకుంటూ టికెట్లు కొట్టేదాన్ని. బండి డిపోకు చేరి నేను లెక్క అప్పజెప్పేసరికి వాడల్లో ఆట ముగిసేది. రిటైరయ్యాక వచ్చిన మొదటి దసరాకు మోకాలి నొప్పితో మంచం దిగలేదు. అందుకే ఈసారి నెల ముందే మా ఆయనకు చెప్పేశాను, సద్దుల నాడు నేను ప్రయాణికురాలినని.

పాలమూరే ఎందుకంటే, నైట్ హాల్ట్ డ్యూటీల మీద ఆ ఊరికి ఎన్నోసార్లు పోయినా బస్టాండు దాటి చూసింది తక్కువ. అక్కడ స్టేడియంలో సద్దులు ఘనంగా జరుగుతాయని, లైట్లతో ఊరంతా వెలిగిపోతుందని బస్సులో జనం చెప్పుకోగా విన్నదే.

తోడుగా మా తోటికోడలు యాదమ్మ వచ్చింది. మా మరిది భార్య. నల్గొండ పక్కన మా ఊళ్లో వాళ్లు గొర్లు కాస్తారు. ఎండాకాలం మేత కోసం మందతో కృష్ణ ఒడ్డుదాకా నడిచిపోయిన మనిషే గానీ, లాడ్జిలో పడుకున్నది లేదు, రైలెక్కింది లేదు. "తిరుగు ప్రయాణం రైల్లో" అన్నాననే ఒప్పుకుందని నా అనుమానం.

పొద్దున ఏడు గంటలకు నల్గొండ బస్టాండులో దేవరకొండ బస్సు ఎక్కాం. ఆడవాళ్లకు ఇప్పుడు జీరో టికెట్ కాబట్టి, ఆధార్ కార్డు చేతిలో ఉంటే బస్సు ఖర్చు లేదు. యాదమ్మ దగ్గర మాత్రం పెద్ద గోనెసంచి ఉంది. అందులో తడిగుడ్డలో చుట్టిన తంగేడు, గునుగు, పైన నాలుగు గుమ్మడి ఆకులు.

"పాలమూరుల పూలు దొరకవా ఏంది?" అన్నాను.

"పూలు కొనుడేందక్కా? మన చేను చెల్కల ఊరికెనే పూస్తయి" అంది, సంచిని రెండు కాళ్ల మధ్య పెట్టుకుంటూ.

కండక్టరు మా అమ్మాయి వయసుది. బస్టాండు దాటగానే నాకు తెలియకుండానే లేచి నిలబడి, వెనక సీట్లదాకా తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆ పిల్ల నవ్వు ఆపుకుంటూ, "అమ్మా, కూసోండ్రి. గా పని నేను జేస్త" అంది. యాదమ్మ దేవరకొండ దాకా నవ్వుతూనే ఉంది.

దేవరకొండలో బస్సు మారాం. కల్వకుర్తి మీదుగా పాలమూరు పోయే ఆ బస్సులో మా పక్కన ఒక నడివయసు ఆమె కూర్చుంది. చౌటుప్పల్‌లో మందు గోలీలు తయారుచేసే ఫ్యాక్టరీలో పని అట. సెలవు దొరక్క దొరక్క ఆ రోజే దొరికిందని చెప్పింది. సంచి చూసి, "తంగేడా?" అని అడిగి, అనుమతి కూడా అడక్కుండా వంగి మొహం లోపల పెట్టేసింది.

"ముక్కుకు గుడ్డ గట్టుకొని పన్జేసి పన్జేసి గీ వాసననే మర్చిపోయిన" అంది తల పైకెత్తి. యాదమ్మ ఒక కట్ట తీసి ఆమె చేతిలో పెట్టింది.

కల్వకుర్తిలో బస్సు కాసేపు ఆగింది. మేం తెచ్చుకున్న జొన్నరొట్టెలు, పండుమిర్చి తొక్కు అక్కడే బెంచీ మీద తినేసి, చాయ్ మాత్రం కొనుక్కున్నాం. జడ్చర్ల దాటాక రోడ్డు పక్కన బంతిపూల కుప్పలు మొదలయ్యాయి. పాలమూరు బస్టాండులో దిగేసరికి రెండు దాటింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పండుగనాడు బస్టాండు ఎదురుగా ఉన్న లాడ్జీల వైపు చూడకండి. మొదటి దాంట్లో గదులు లేవన్నారు, రెండో దాంట్లో రేటు మామూలుకు రెట్టింపు చెప్పారు. రైల్వే స్టేషన్ వైపు నడిచి, ఒక సందులోకి మళ్లితే పాత మేడలో చిన్న లాడ్జి కనిపించింది. కౌంటర్ దగ్గర పెద్దాయన మా కార్డులు చూసి, "ఆరొందలు. గది సాఫ్‌గనే ఉంటది. గానీ నీళ్లు బకెట్‌తోని పట్టుకోవాలె" అన్నాడు.

"ఒక్క రాత్రి పండుకునేటందుకు ఆరొందలా!" అంది యాదమ్మ. "గా పైసలిచ్చి పండుకుంటే నిద్రెట్ల వడ్తది?"

నిద్ర సంగతి తరవాత, ముందు గది నేల మీద పాతచీర పరిచి బతుకమ్మ పేర్చడానికి కూర్చున్నాం. నేను పూలు అందిస్తుంటే ఆమె పేర్చింది. కింద గుమ్మడాకు, ఆ మీద తంగేడు, రంగులద్దిన గునుగు, మధ్యలో నేను దారిలో కొన్న బంతి, కొసన పసుపు గౌరమ్మ. నైవేద్యం సద్దులకు నేను ఇంటి నుంచే రొట్టె, బెల్లం కలిపిన మలీద, నువ్వుల పొడి తెచ్చాను. కింద మెస్సులో అడిగితే పెరుగన్నం కట్టించి ఇచ్చారు. అంతే ఖర్చు, మా పండుగ తయారైంది.

సాయంత్రం స్టేడియానికి పోయాం. చెప్పుకున్నదానికంటే ఎక్కువే ఉంది. గేటు దగ్గర నుంచే లైట్ల తోరణాలు, గాజుల దుకాణాలు, జెయింట్ వీలు, ఐస్‌క్రీమ్ బండ్లు, మనిషెత్తు బతుకమ్మలు. వేదిక మీదికి వచ్చినవాళ్ల పేర్లు మైకులో చదువుతూనే ఉన్నారు. పేర్లు ఆగితే డీజే పాట. నాకైతే సంబరంగానే ఉంది, ఇన్నేళ్లకు చూశానని. యాదమ్మ మాత్రం మా బతుకమ్మను చంకలో పట్టుకుని గుంపు అంచున నిలబడిపోయింది.

"పెట్టెలల్ల పాటకు మనం నోరు మూసుకొని తిరగాల్నా అక్కా?" అంది.

"ఇంకొంచెం సేపైతే మన పాటలు పెడ్తరు" అని చెప్పి, గాజులు చూసొస్తానని దుకాణం దగ్గరికి పోయాను. తన చేతులు నిండి ఉన్నాయని యాదమ్మ తన ఫోను కూడా నా సంచిలోనే వేసింది. గాజుల కొలత చూసుకోవడంలో ఎంతసేపయిందో, తిరిగి వచ్చేసరికి ఆ చోట వేరే ఆడవాళ్లున్నారు. యాదమ్మ లేదు.

మొదట నాకు భయం కలగలేదు. ఇన్నేళ్ల నౌకరీలో తప్పిపోయిన పిల్లలను, ముసలివాళ్లను ఎందరినో వాళ్లవాళ్లకు అప్పగించాను. గుంపు చుట్టూ ఒకసారి తిరిగాను. నీళ్ల ట్యాంకర్ దగ్గర చూశాను. ఆడ పోలీసు ఒకామె కనిపిస్తే చెప్పాను.

"ఏం రంగు చీర?"

"పసుపుపచ్చ."

ఆమె మైదానం వైపు చూసి, నా వైపు చూసింది. సగం మంది పసుపుపచ్చలోనే ఉన్నారు.

అప్పుడు పట్టుకుంది భయం. యాదమ్మకు చదువు రాదు. లాడ్జి పేరు ఆమెకు నేనే చెప్పలేదు. ఫోను నా దగ్గరే ఉంది. మైకులో చెప్పించుదామని వేదిక దాకా తోసుకుంటూ పోయాను, కానీ ఆ మోతలో నా మాట నాకే వినపడలేదు. అంతలో సంచిలో నా ఫోను మోగింది. మా మరిది.

"వదినె! యాదమ్మ దవాఖానల ఉన్నదట. ఎవరో ఫోన్ జేసిన్రు. ఏమైంది వదినె?"

ఎందుకని అడిగాను. దవాఖానలో ఎందుకో ఆయనకూ తెలియదు. అవతలివాళ్ల మాట సరిగా వినపడేలోపే ఫోను కట్టయిందట. "నేను పోతున్న, నువ్వు ఫికర్ చెయ్యకు" అని ఆయనకు చెప్పి పెట్టేశాను. గేటు బయట ఆటో ఎక్కి సర్కారు దవాఖానకు పొమ్మన్నాను. తొక్కిసలాటలో పడిందేమో, బండి ఏదైనా తగిలిందేమో, మా మరిదికి ఏం చెప్పాలో అని దారంతా అదే ఆలోచన.

దవాఖాన గేటులోకి పరుగెత్తి, ఎమర్జెన్సీ ఎటని అడగబోతుండగా వినపడింది యాదమ్మ గొంతు. గట్టిగా మాట్లాడుతోంది. కాన్పుల వార్డు ముందున్న ఖాళీ జాగాలో, మా బతుకమ్మను మధ్యలో పెట్టుకుని బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చుట్టూ పది మంది దాకా ఆడవాళ్లు. ఒకామె స్టీలు పళ్లెంలో ఇంకో చిన్న బతుకమ్మ పేరుస్తోంది.

నన్ను చూసి, "వచ్చినవా అక్కా? నీకోసమే ఆగినం" అంది తాపీగా.

కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. రెండూ అయ్యాక అసలు సంగతి తెలిసింది. స్టేడియం అంచున ఒకామె కింద రాలిన పూలు ఏరి కొంగులో వేసుకుంటుంటే యాదమ్మ చూసింది. ఎందుకని అడిగితే, బిడ్డ కాన్పుకని దవాఖానలో ఉన్నామని, పండుగనాడు చిన్న పళ్లెంలోనైనా గౌరమ్మను నిలబెడదామని వచ్చానని చెప్పింది. అక్కడే, పక్కనే అంది కాబట్టి నేను గాజులు కొనేలోపు కొన్ని పూలు ఇచ్చి వద్దామని యాదమ్మ వెంట నడిచింది. పక్కనే అన్నది చాలా దూరమే అయింది. మొగుడి నంబరు ఒక్కటే నోటికి వచ్చు కాబట్టి ఎవరి ఫోనుతోనో ఆయనకు చేయించింది.

ఆ పూలు ఏరుకున్న ఆమె పేరు నీలమ్మ. అచ్చంపేట దాటి అడవి అంచున వాళ్ల ఊరు. బిడ్డ అనితకు నెలలు నిండకముందే నొప్పులొస్తే అక్కడి నుంచి ఇక్కడికి పంపారు. ఆపరేషన్ అయింది. ఆడపిల్ల. బరువు తక్కువని అద్దాల పెట్టెలో పెట్టారు. మిగతా ఆడవాళ్లు కూడా అట్లాగే ఎవరో ఒకరి కోసం ఊళ్లు వదిలి వచ్చి, వరండాలో చాపలు పరుచుకుని ఉంటున్నవాళ్లే.

సెక్యూరిటీ ఆయన వచ్చాడు. "అమ్మా, లోపల పేషెంట్లున్నరు. మైకులు గిట్ల పెట్టొద్దు" అన్నాడు.

"మా గొంతులే మాకు మైకులు, తమ్మీ" అంది నీలమ్మ.

ఆయన చుట్టూ చూసి, "జర మెల్లగ ఆడుకోండ్రి మరి" అని తన కుర్చీని కొంచెం దూరం జరుపుకున్నాడు.

రెండు బతుకమ్మల చుట్టూ తిరగడం మొదలుపెట్టాం. చప్పట్లు మెల్లగా. యాదమ్మ అప్పటికప్పుడు పాట కట్టింది.

"కొండ దాటి వస్తిమి ఉయ్యాలో,
పాలమూరు జేరితిమి ఉయ్యాలో,
దవాఖాన వాకిట్ల ఉయ్యాలో,
పూల గౌరు గూసున్నది ఉయ్యాలో."

నా మోకాలు నొప్పి పెడుతూనే ఉంది. అయినా వంగి, లేచి, చప్పట్లు కొడుతూ తిరిగాను. పైన కిటికీల్లో కాన్పులైనవాళ్లు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. కింది అంతస్తు కిటికీలో సన్నగా, తెల్లబడ్డ మొహంతో ఒక పిల్ల కటకటాలు పట్టుకుని చూస్తోంది. "అదే నా బిడ్డ" అని నీలమ్మ నా చెవిలో చెప్పింది.

యాదమ్మ కూడా చూసింది. ఆ పిల్ల సంతోషపడుతుందనే అనుకుంది.

"అద్దాల పెట్టెలోన ఉయ్యాలో,
ముద్దుబిడ్డ పండుకునె ఉయ్యాలో..."

కిటికీ దగ్గర మొహం మాయమైంది. రెక్క మూసుకున్న చప్పుడు మా అందరికీ వినపడింది. నీలమ్మ చప్పట్లు ఆగిపోయాయి.

ఆట ముగిసి, బతుకమ్మలను దవాఖాన తోటలోని నీళ్ల తొట్టిలో వదిలాక (పొద్దున తాను తీస్తానని సెక్యూరిటీ ఆయనే చెప్పాడు), మలీద పంచుకుని తింటుండగా నీలమ్మ చెప్పింది. అనితకు మొదటి కాన్పులో కొడుకు పుట్టి, వారం లోపే పోయాడు. ఆ వారమంతా వాణ్ని ఒళ్లోంచి దించలేదు. ఇప్పుడు ఈ పిల్ల మొహం చూడనంటోంది. పాలు పిండి గిన్నెలో ఇస్తుంది, నర్సు తీసుకుపోయి పడుతుంది. తల్లి వచ్చి ఎదకు ఆనించుకుంటే బిడ్డకు మంచిదని డాక్టరమ్మ చెప్పినా కదలదు.

"చూసినంక గది గూడ పోతే నేను బతకనమ్మా అంటాంది. నేనేం జెప్పాలె అక్కా?"

నేను ఆమె చేతిలో ఇంకో మలీద ముద్ద పెట్టాను. యాదమ్మ తల వంచుకుని, "తెల్వక పాడిన" అని మాత్రం అంది. ఆటో ఎక్కి లాడ్జికి వచ్చేశాం.

మర్నాడు తెల్లవారగానే పెద్ద చెరువు కట్ట మీదికి నడిచాం. పాలమూరును చూడాలంటే ఆ వేళే చూడాలి. రాత్రి మోత చేసిన ఊరేనా అనిపించింది. నీళ్ల మీద తంగేడు, బంతి ఒడ్డుదాకా పరుచుకుని ఉన్నాయి. మున్సిపాలిటీ ఆడవాళ్లు పొడుగు కర్రలతో పూలను ఒడ్డుకు లాగుతున్నారు. కొంగలు వాళ్లను పట్టించుకోకుండా తమ పని చూసుకుంటున్నాయి. కట్ట మీద చాయ్ బండి ఆయన, "రాత్రి వచ్చినోళ్లెవరు చెరువును చూడలే అమ్మా, ఫోటోలు దిగి పోయిన్రు" అన్నాడు. చాయ్ తాగుతూ చాలాసేపు కూర్చున్నాం. క్లాక్ టవర్ దగ్గర దుకాణాలు ఇంకా తెరవలేదు. ఆ ఖాళీ వీధుల్లో యాదమ్మ మొదటిసారి తల పైకెత్తి మేడలు చూసుకుంటూ నడిచింది.

టిఫిన్ సెంటర్‌లో ఇడ్లీలు తిన్నాక ఇంకో రెండు పొట్లాలు కట్టించింది. "దవాఖానకు పోదాం" అంది. నేనూ అదే అనుకుంటున్నాను.

అనిత మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. యాదమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. రాత్రి పాట సంగతి ఎత్తలేదు, ధైర్యం చెప్పలేదు. ఇడ్లీ తినమంది. గొర్ల సంగతులు చెప్పింది, లాడ్జిలో ఆరొందలిచ్చి నిద్రపట్టక దొర్లిన సంగతి చెప్పింది. దానికి ఆ పిల్ల కొంచెం నవ్వింది.

అప్పుడు అంది యాదమ్మ, "బిడ్డా, మాకు మధ్యాహ్నం రైలున్నది. పోయేలోపు నీ పిల్లను చూడాలని నాకు శాన ఉన్నది. అడిగితే తల్లిని తప్ప ఎవర్నీ రానియ్యమన్నరు."

అనిత దుప్పటి భుజం మీదికి లాక్కుంది.

"నువ్వు బోయి చూసొచ్చి నాకు చెప్తవా? ఎవరి పోలికనో తెల్వకుంట పోతే నాకు మనసున వట్టది."

"నాతోని కాదు చిన్నమ్మా."

"ఎత్తుకోకు. దూరంకెల్లి చూసి రా. నా కోసం."

నీలమ్మ గుమ్మం దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. అనిత గోడనే చూస్తూ ఉంది. తరవాత మెల్లగా కాళ్లు కిందికి దించింది. కుట్ల నొప్పికి కళ్లు గట్టిగా మూసుకుంది. యాదమ్మ ఒక పక్క, నేనొక పక్క పట్టుకున్నాం. ఆ వరండా మొత్తం నడిచి, పసిపిల్లల గది తలుపు దగ్గర ఆగాం. అక్కడ చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, నర్సు ఇచ్చిన గౌను తొడుక్కుంది. తలుపు మూసుకుంది.

బయట బెంచీ మీద కూర్చున్నాం. చూసి రావడానికి ఎంతసేపు పడుతుంది? పక్క బెంచీ మీదివాళ్లు వచ్చారు, పోయారు. నీలమ్మ లేస్తుంది, కూర్చుంటుంది. "లోపల పడిపోయిందేమో" అంది ఒకసారి. యాదమ్మ ఆమె కొంగు పట్టి కూర్చోబెట్టింది. నాకు రైలు గుర్తొస్తోంది, గడియారం వైపు చూడడానికి మాత్రం మనసొప్పలేదు.

చివరికి నర్సు తలుపు తీసింది. "అనిత అమ్మ ఎవరు? ఆమె ఇప్పుడే రాదు. పాపను ఎదమీద పండుకోవెట్టినం. కదిలిస్తే లేస్తదని రానంటాంది. మధ్యాహ్నం అన్నం లోపలికే పంపిస్తరా?"

నీలమ్మ బెంచీ మీదే కూలబడి ఏడ్చింది. యాదమ్మ ఆమె వీపు నిమురుతూ, "అన్నం పంపిస్తం, పంపిస్తం" అని నర్సుకు జవాబు చెప్పింది.

అనితను మళ్లీ చూడకుండానే బయలుదేరాం. నీలమ్మ గేటు దాకా వచ్చి, ఫోను నంబరు ఇచ్చి, మా ఇద్దరి చేతులు పట్టుకుంది. పిల్ల ఇంకా చాలా రోజులు ఆ పెట్టెలోనే ఉండాలని, ఏదీ ఇప్పుడే చెప్పలేమని డాక్టరమ్మ చెప్పిన మాట కూడా దాచకుండా చెప్పింది.

కాచిగూడ పోయే రైలులో కిటికీ సీటు యాదమ్మదే. జనరల్ టికెట్ చవక, పండుగ తెల్లవారి జనం కూడా తక్కువే. కాచిగూడలో దిగి, నల్గొండ బస్సు పట్టుకుంటే రాత్రి భోజనానికి ఇంట్లో ఉండొచ్చు. దసరాకు మరిదికి మటన్ వండాల్సింది ఆమే. షాద్‌నగర్ దాకా ఆమె రైలు కదలికను, పక్కకు జరిగిపోయే గుట్టలను చూస్తూ ఉండిపోయింది.

మీలో ఎవరైనా సద్దులకు పాలమూరు పోతే, స్టేడియం చూడండి. ఆ వెలుగు చూడదగ్గదే, నేను కాదనను. కానీ అక్కడే తెల్లారేదాకా ఉండిపోకండి. పండుగ పూట ఇంటికి పోలేనివాళ్లు ఆ ఊళ్లోనే ఎక్కడో ఒకచోట ఉంటారు. వాళ్ల దగ్గర కాసేపు కూర్చోండి. నా కండక్టరు నౌకరీలో ఎన్ని వేల మందిని పండుగలకు చేర్చానో తెలియదు, చేరలేనివాళ్లు కూడా ఉంటారని మాత్రం నాకు తట్టలేదు.

"అక్కా, గా నంబరుకు జర ఫోన్ గొట్టు" అంది యాదమ్మ. కొట్టి ఆమెకే ఇచ్చాను. ఎత్తింది నీలమ్మ కాదు, అనిత. యాదమ్మ స్పీకరు పెట్టించుకుంది.

"మరి చూసి జెప్పకనే లోపల్నే ఉండిపోతివి గద బిడ్డా! ఎవరి పోలిక?"

 అనిత చాలా నెమ్మదిగా, పక్కన ఎవరో పడుకుని ఉన్నట్టు గొంతు తగ్గించి అంది.

"ఇంకా తెలుస్తలేదు చిన్నమ్మా. శాన చిన్నగున్నది. రోజూ పోయి చూస్తే తెలుస్తదేమో."